కట్టు విప్పాక మొదలయ్యే కష్టం

(రోడ్డు ప్రమాదాల్లో గాయపడినవాళ్లూ, వాళ్ల కుటుంబసభ్యులూ కలిసిన సమావేశంలో ఒక క్లినికల్ సైకాలజిస్టు ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. వాకర్లతో వచ్చినవాళ్లకి చివరి కుర్చీలు వదిలేయండి, లేచి వెళ్లడానికి వీలుగా ఉంటుంది.

సూటిగా విషయంలోకి వచ్చేస్తాను. మన దగ్గర యాక్సిడెంట్ అయిన మనిషికి రెండు మర్యాదలు జరుగుతాయి. ఒకటి ఆసుపత్రిలో. బత్తాయిలు పట్టుకుని వచ్చిన ప్రతివాళ్లూ మంచం పక్కన కూర్చుని "అసలెలా జరిగిందిరా, మొదట్నుంచీ చెప్పు" అంటారు. పెదనాన్న వస్తే ఒకసారి, ఆఫీసువాళ్లు వస్తే ఒకసారి, పక్కింటివాళ్లు వస్తే ఇంకోసారి, పాపం ఆ మనిషి చెప్తూనే ఉంటాడు. రెండోది ఇంటికొచ్చాక. కట్టు విప్పేస్తారు, నడక వస్తుంది, అప్పుడు ఆయనకి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని చెప్పబోతే "ఇంకా దాని గురించే ఏంటి, మర్చిపో, బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు" అంటారు. అంటే మొదటి రోజుల్లో అవసరం లేనంత చెప్పిస్తాం, నిజంగా చెప్పుకోవాల్సిన టైమొచ్చేసరికి నోరు మూయిస్తాం. ఈ వరస తిరగబడాలనే నేనివాళ మాట్లాడుతున్నాను.

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 4,61,312. చనిపోయినవాళ్లు 1,68,491 మంది, గాయపడినవాళ్లు 4,43,366 మంది. చనిపోయినవాళ్ల సంఖ్య మనకి పేపర్లో హెడ్డింగ్‌లో కనిపిస్తుంది, గాయపడ్డవాళ్లది కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇక వాళ్ల మనసుకి ఏమైందన్నది ఏ పట్టికలోనూ ఉండదు.

ముందు ఒక భయం తీసేస్తాను. యాక్సిడెంట్ అయిన మొదటి రెండు మూడు వారాల్లో నిద్రలో ఉలిక్కిపడటం, హారన్ వింటే గుండె దడదడలాడటం, అదే దృశ్యం కళ్ల ముందు తిరగడం, ఊరికే ఏడుపు రావడం, ఊరికే కోపం రావడం, ఇవన్నీ మామూలే. పిచ్చి కాదు, బలహీనత కాదు. ఎక్కువమందికి వాటంతటవే తగ్గుతాయి. నెల దాటాక కూడా తగ్గకుండా ఉద్యోగానికో, ఇంటికో, నిద్రకో అడ్డం పడుతుంటే అప్పుడు దాన్ని పట్టించుకోవాలి. దాన్నే పీటీఎస్‌డీ, అంటే పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అంటాం. మనవాళ్లలో చాలామంది ఇది యుద్ధం చేసిన సైనికులకి వచ్చేదనుకుంటారు. 1980లో అమెరికా సైకియాట్రిస్టుల సంఘం ఆ పేరుని తమ జబ్బుల పుస్తకంలోకి ఎక్కించినప్పుడు వియత్నాం నుంచి తిరిగొచ్చినవాళ్ల గొడవ పెద్దగానే ఉంది, నిజమే. కానీ అంతకు వందేళ్ల ముందే ఇంగ్లాండులో రైలు ప్రమాదాల్లో బయటికేమీ దెబ్బ కనిపించనివాళ్లు నిద్ర పట్టక, వణుకుతూ డాక్టర్ల దగ్గరికి వెళ్లేవాళ్లు. ఎరిక్సన్ అనే సర్జన్ 1866లో దీని మీద ఏకంగా పుస్తకమే రాశాడు, వెన్నుపాము అదిరిపోవడం వల్ల వస్తోందని ఆయన అనుకున్నాడు. రైల్వే కంపెనీల లాయర్లేమో నష్టపరిహారం కోసం నటిస్తున్నారని వాదించేవాళ్లు. ఈ వాదన మీలో కొందరు ఈ మధ్యే ట్రిబ్యునల్లో విని ఉంటారు. (నవ్వులు)

ఇప్పుడు ఒక కుటుంబం గురించి చెప్తాను. వాళ్లని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, చెప్పడానికి వాళ్లు ఒప్పుకున్నారు. భార్యాభర్తలు పెళ్లికెళ్లి రాత్రి బండి మీద తిరిగొస్తున్నారు. ఆవిడ పట్టుచీర కదా, ఒక పక్కకి కూర్చుంది, ఒళ్లో పెళ్లివాళ్లిచ్చిన స్టీలు డబ్బా. వెనకనుంచి కారు గుద్దింది. ఆవిడకి తొడ ఎముక విరిగింది, ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఆయనకి మోచేతి దగ్గర చర్మం దోక్కుపోయింది, అంతే. చూడ్డానికొచ్చిన వాళ్లంతా ఆవిడని పలకరించి, ఆయన వైపు తిరిగి "నీకేం కాలేదు, అదృష్టవంతుడివి" అని వెళ్లిపోయారు.

ఐదు నెలల తర్వాత నా దగ్గరికి ఎవరు ఎవర్ని తీసుకొచ్చారో తెలుసా? ఆవిడ చంకకర్రల మీద నడుస్తూ ఆయన్ని పట్టుకొచ్చింది. "ఈయన బండి అమ్మేశారండీ, రోజూ ఆఫీసుకి నడిచే వెళ్తున్నారు, రాత్రి రెండింటికి లేచి వరండాలో తిరుగుతున్నారు, వంటింట్లో నా చేతిలోంచి మూత జారితే చాలు, చెమటలు కక్కుతూ బయటికి వెళ్లిపోతున్నారు" అంది. దెబ్బ ఎంత పెద్దదన్నదాన్ని బట్టి మనసు దెబ్బని కొలవలేమని పరిశోధనలు ఎన్నాళ్లనుంచో చెప్తున్నాయి. ఆ క్షణంలో చచ్చిపోతున్నాననో, నా మనిషి చచ్చిపోయిందనో ఎంత గట్టిగా అనిపించిందన్నదే ముఖ్యం. ఎక్స్‌రేలో అది రాదు.

మామూలు జ్ఞాపకం దానికదే పాతబడుతుంది. నిరుడు సంక్రాంతికి ఏం చేశారంటే మీరు కాసేపు ఆలోచించి చెప్తారు, చెప్తున్నంతసేపూ అది నిరుటి సంగతేనని మీకు తెలుస్తూనే ఉంటుంది. ప్రమాదం జ్ఞాపకం అలా పాతబడదు. శబ్దం, వాసన, హెడ్‌లైట్ వెలుగు, ముక్కలు ముక్కలుగా ఉండిపోతుంది. వాటిలో ఒక ముక్క తగిలితే చాలు, అది ఇప్పుడే, ఇక్కడే జరుగుతున్నట్టు ఒళ్లు స్పందిస్తుంది. ఆంకే ఏలర్స్, డేవిడ్ క్లార్క్ అని ఇద్దరు సైకాలజిస్టులు 2000లో దీని మీద రాసిన సిద్ధాంతాన్నే మేమిప్పటికీ ఎక్కువగా వాడతాం. ప్రమాదం ఎప్పుడో అయిపోయినా ముప్పు ఇంకా ఉందని మనసు అనుకోవడం అందులో అసలు పాయింటు. ఆ ముప్పునుంచి తప్పించుకోవాలని మనిషి బండి ఎక్కడు, ఆ రోడ్డున వెళ్లడు, ఆ మాటెత్తడు. అప్పటికి హాయిగా ఉంటుంది. కానీ బండి ఎక్కకపోతే బండి ఎక్కినా ఏమీ కాదని తెలిసే అవకాశమే లేకుండా పోతుంది. ఇంట్లోవాళ్లు ప్రేమతో దానికి సాయపడతారు. "పోనీలే, నువ్వు రాకు, నేను తెస్తాలే" అంటారు.

ఆయనతో ఏం చేశామంటే, మొదటి రెండుసార్లు ఈ విషయాలే మాట్లాడుకున్నాం. మూడోసారి కళ్లు మూసుకుని ఆ రాత్రి జరిగింది ఇప్పుడు జరుగుతున్నట్టుగా చెప్పమన్నాను. "వెళ్తున్నాను, రోడ్డు ఖాళీగా ఉంది, ఆవిడ ఏదో అంటోంది" ఇలా. మధ్యలో ఆందోళన సున్నా నుంచి వందలో ఎంతుందో అడుగుతుంటాను. ఆయన చెప్పుకుంటూ వచ్చి "కింద పడ్డాం, డబ్బా దొర్లుకుంటూ పోయింది, తర్వాత అంబులెన్స్ వచ్చింది" అన్నాడు. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అంతే, డబ్బా, ఆ వెంటనే అంబులెన్స్. మనిషి ఎక్కడ దాటేస్తాడో అక్కడే ఉంటుంది అసలు నొప్పి. నెమ్మదిగా అక్కడే ఆపి, డబ్బాకీ అంబులెన్స్‌కీ మధ్య ఏం జరిగిందని అడిగాను. చాలాసేపు పట్టింది. "పేరు పెట్టి పిలిచాను, పలకలేదు. మళ్లీ పిలిచాను, పలకలేదు. చచ్చిపోయింది, నేనే చంపేశాను అనుకున్నాను. డబ్బా ఇంకా దొర్లుతూనే ఉంది." ఆందోళన ఎంతంటే వంద అన్నాడు.

ఆవిడ బతికే ఉంది, బయట బెంచీ మీద కూర్చుని ఉంది, అది ఆయనకీ తెలుసు. కానీ ఆ జ్ఞాపకంలో మాత్రం ఆవిడ ఇంకా పలకని మనిషే. తర్వాతి వారం ఆవిడని కూడా లోపలికి పిలిచి, ఆ నిమిషంలో మీకేం గుర్తుందమ్మా అని అడిగాను. "ఈయన పిలవడం విన్నానండీ, రెండుసార్లూ విన్నాను, ఊపిరి అందక పలకలేకపోయాను" అంది. ఆయన ఆవిడ వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. ఐదు నెలలు ఒకే ఇంట్లో ఉన్నారు, ఈ ఒక్క మాట ఇద్దరి మధ్యా దాటలేదు. ఎందుకంటే ఆ సంగతి ఇంట్లో ఎత్తకూడదని పెద్దవాళ్లు గట్టిగా చెప్పారు, మంచికే చెప్పారు.

ఆ తర్వాత ఆయన కథ చెప్పేటప్పుడు సరిగ్గా అక్కడికి వచ్చేసరికి "పలకలేదు, కానీ వింటోంది" అని చేర్చి చెప్పడం మొదలుపెట్టాం. చెప్పినదాన్ని ఫోన్లో రికార్డు చేసుకుని ఇంట్లో వినేవాడు. వారాలు గడిచేకొద్దీ ఆ వంద దిగుతూ వచ్చింది. డబ్బా చప్పుడు సంగతి వంటింట్లోనే తేల్చుకున్నారు. ఆవిడ కావాలనే మూతలు కింద పడేసేది, ఆయన అక్కడే నిలబడి అప్పటికీ ఇప్పటికీ తేడాలు పైకి చెప్పాలి: ఇది గచ్చు, అది తారు రోడ్డు, ఇక్కడ ట్యూబ్‌లైట్ ఉంది, ఆవిడ నా ఎదురుగా నిలబడి నన్ను చూసి నవ్వుతోంది. అత్తగారు మాత్రం స్టీలు సామాను సొట్టలు పడుతోందని కొన్నాళ్లు గొణిగిందట. (నవ్వులు) చివరికి పగటిపూట ఆ చోటికి వెళ్లి నిలబడ్డారు. బండి విషయంలో మెట్లు మెట్లుగా వెళ్లాం. ముందు స్టాండు వేసిన ఇంకో బండి మీద కూర్చోవడం, తర్వాత ఇంజను స్టార్ట్ చేసి కదలకుండా ఉండటం, తర్వాత వీధి చివరిదాకా, తర్వాత పగలు మెయిన్‌రోడ్డు. ఒక మెట్టు మీద భయం బాగా తగ్గాకే పై మెట్టు.

మరి వచ్చినవాళ్లందరికీ అన్నిసార్లు చెప్పాడు కదా, అప్పుడెందుకు తగ్గలేదని మీరడగొచ్చు. మంచి ప్రశ్న. వచ్చినవాళ్లకి చెప్పేది కథ. కారు నంబరు, ఎవరిది తప్పు, ఆసుపత్రిలో ఎంతయింది. అసలు నిమిషం అందులో ఉండదు. ఒకవేళ ఆ నిమిషం వచ్చినా, మనిషి పూర్తిగా కదిలిపోయిన టైముకి చూడ్డానికొచ్చినాయన ఫోన్ మోగుతుంది, "సరే వస్తా మరి" అని లేస్తాడు. ఇంగ్లాండులో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ప్రయోగం చేశారు. ప్రమాదమై ఆసుపత్రిలో చేరిన వాళ్లలో కొందరితో మొదటి రోజుల్లోనే ఒక గంట కూర్చుని జరిగిందంతా వివరంగా మాట్లాడించారు, మిగతావాళ్లని వదిలేశారు. మూడేళ్ల తర్వాత చూస్తే, మొదట్లో బాగా కలతపడినవాళ్లలో ఆ గంట మాట్లాడించినవాళ్లు ఇంకా బాధపడుతూనే ఉన్నారు, వదిలేసినవాళ్లు కోలుకున్నారు. 2000లో వచ్చిన ఈ ఫలితం తర్వాత మా వృత్తిలోనే చాలామంది పద్ధతి మార్చుకున్నారు. మన పరామర్శల మీద ఎవరూ అలాంటి ప్రయోగం చేయలేదు గానీ, నిపుణుడు కూర్చుని చెప్పించిందే మంచి చేయనప్పుడు చుట్టాలు చెప్పిస్తే ఒరిగేదేముందని నా వాదన.

కాబట్టి మొదటి నెలలో దయచేసి గుచ్చి గుచ్చి అడక్కండి. అతనే చెప్తే వినండి, మధ్యలో ఆపకండి, "నీకంటే మా బావమరిదికి ఇంకా పెద్దదైంది" అని మొదలుపెట్టకండి. అన్నం, నిద్ర, బిల్లులు, పిల్లల స్కూలు, ఈ పనుల్లో సాయం చేయండి. సీసీటీవీ క్లిప్పు ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి, పెట్టినవాళ్లుంటే ఇవాళే తీయించండి. మెడికల్ షాపులో అడిగి ఆల్‌ప్రాజోలం లాంటి ఆందోళన తగ్గించే మాత్రలు తెచ్చి వేయకండి, ఇలాంటి షాక్ తగిలిన మొదటి నెలలో ఆ భయాన్ని తగ్గించడానికి ఆ రకం మందులు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. డాక్టరు రాసి ఇప్పటికే వాడుతున్నవాళ్లు మాత్రం నా మాట విని టక్కున ఆపేయకండి, ఆ డాక్టరునే అడిగి తగ్గించుకోండి. మగవాళ్లకి ఇంకొకటి. ఒక పెగ్గు వేస్తేగానీ కన్ను మూతపడట్లేదు అంటుంటే, ఆ నిద్ర నిద్ర కాదు.

దిష్టి తీయడం, తాయెత్తు కట్టించడం వద్దంటారా అని ప్రతి మీటింగులోనూ ఎవరో ఒకరు అడుగుతారు. నాకేం అభ్యంతరం లేదు. అమ్మమ్మ ఎర్రనీళ్లు తిప్పుతుంటే ఇంటిల్లిపాదీ నీ కోసం నిలబడ్డారని అనిపిస్తుంది, అది చిన్న విషయం కాదు. కాకపోతే మూడు నెలలు మూడు ఊళ్లు తిప్పి, చివరాఖర్న మా దగ్గరికి తీసుకురాకండి.

చికిత్స ఎన్నాళ్లంటే, బ్రిటన్‌లో డాక్టర్లకిచ్చిన 2018 మార్గదర్శకాల్లో మామూలుగా 8 నుంచి 12 సెషన్లు అని ఉంది. ఒక్క ప్రమాదమే అయినవాళ్లకి నా అనుభవంలో కూడా దాదాపు అంతే. నేను చెప్పిన పద్ధతి సీబీటీ, అంటే ఆలోచనల మీదా ప్రవర్తన మీదా పనిచేసే మాటల చికిత్స కోవలోది. ఎడ్నా ఫోవా రూపొందించిన ఇంకో పద్ధతి ఉంది, జ్ఞాపకాన్ని పదేపదే ఎదుర్కోవడం దానికి గుండెకాయ. ఫ్రాన్సీన్ షపీరో 1989లో ప్రకటించిన ఈఎండీఆర్ ఉంది, అందులో జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని కళ్లని అటూ ఇటూ కదిలిస్తారు. వినడానికి మంత్రంలా ఉంటుంది, పనిచేస్తుంది, ఎందుకు పనిచేస్తుందన్నదాని మీద మాలో మాకే కొట్లాటలున్నాయి. మందులు కావాల్సినవాళ్లకి సెర్ట్రలిన్, పారాక్సెటిన్ లాంటివి సైకియాట్రిస్టు రాస్తారు.

ఒళ్లునొప్పుల సంగతి విడిగా చెప్పాలి. నొప్పి వచ్చినప్పుడల్లా ప్రమాదం గుర్తొస్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా కండరాలు బిగుసుకుని నొప్పి పెరుగుతుంది, రెండూ ఒకదాన్నొకటి మోస్తుంటాయి. ఫిజియోథెరపీలో కాలు కింద మోపమంటే మోపని పేషెంటుని బద్ధకస్తుడని తిట్టకండి, ఎముక అతికిందని డాక్టరు నమ్మినంతగా అతను నమ్మట్లేదు, అంతే. కాలో చెయ్యో తీసేసినవాళ్లకి లేని అవయవం నొప్పి పుడుతుంది, పైకి చెప్తే నవ్వుతారని దాచుకుంటారు. దాచక్కర్లేదు. మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో అద్దంతో ఒక చికిత్స కనిపెట్టాడు, ఉన్న చెయ్యి అద్దంలో లేని చెయ్యిలా కనిపిస్తుంది, దాన్ని కదిలిస్తే కొందరికి ఆ నొప్పి సడలుతుంది. అందరికీ కాదు. ఇక తలకి దెబ్బ తగిలిన మనిషి అంతకుముందు లేని కోపం చూపిస్తుంటే అది మెదడు గాయం వల్ల కూడా కావచ్చు, ముందు న్యూరో డాక్టరుకి చూపించండి, తర్వాతే నా దగ్గరికి.

డబ్బుల మాట. క్లెయిమ్ కేసు నడుస్తున్నవాళ్లు మానసిక చికిత్స చీటీలు, బిల్లులు కూడా ఫైల్లో పెట్టుకోండి. రాజ్ కుమార్, అజయ్ కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు నష్టపరిహారం పద్దులు చెప్తూ నొప్పి, బాధలతో పాటు మానసిక ఆఘాతాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. మీ వకీలుని అడగండి. ఆరోగ్య బీమాలో కూడా మానసిక జబ్బుని శరీర జబ్బుతో సమానంగా చూడాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం 21వ సెక్షన్‌లో ఉంది, కాకపోతే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బులిస్తాయి కాబట్టి వారం వారం వచ్చే కౌన్సెలింగుకి అది అక్కరకి రాదు. భరించలేనివాళ్లు జిల్లా ఆసుపత్రిలో మానసిక విభాగానికి వెళ్లండి. ప్రైవేటులో వెళ్తే ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటపడకుండా అడగండి, నన్ను కూడా అడగండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక తల్లి: మా బాబుకి ఎనిమిదేళ్లు, ఆటోలో ఉండగా యాక్సిడెంట్ అయింది. రోజంతా బొమ్మ లారీ తీసుకుని ఆటోని గుద్దిస్తూనే ఉన్నాడు. మళ్లీ పక్క తడుపుతున్నాడు. బొమ్మ దాచేయమంటారా?)

దాచకండమ్మా. పిల్లలు మాటల్లో చెప్పలేనిది ఆటలో చెప్తారు. పక్కన కూర్చుని చూడండి. ఆటలో లారీ గుద్దాక ఏమవుతోంది? అక్కడితో ఆగిపోయి మళ్లీ గుద్దడమేనా, లేక అంబులెన్స్ వస్తోందా, ఎవరైనా లేస్తున్నారా? అలాగే ఆగిపోతూ నెల దాటితే తీసుకురండి. ఈలోపు మీరే ఒక బొమ్మ డాక్టర్ని ఆటలోకి పంపండి. పక్క తడిపినందుకు మాత్రం తిట్టొద్దు, వాళ్ల నాన్నకి కూడా చెప్పండి.

(ఒక లారీ డ్రైవరు: నా బండి కింద ఒక కుర్రాడు పడ్డాడు సార్. నా తప్పు లేదని కోర్టు కూడా చెప్పింది. అయినా స్టీరింగ్ పట్టుకుంటే చేతులు పనిచెయ్యవు. మా ఆవిడ కూడా నీ తప్పు కాదనే అంటుంది. నాకెక్కట్లేదు.)

ఎక్కదన్నా. నీ తప్పు కాదు అని ఎన్నిసార్లు విన్నా ఎక్కదు, అందుకే నేను ఆ మాట అనను. భయానికి చేసే చికిత్స ఒక్కటే దీనికి సరిపోదు. మనం ఒక కాగితం మీద పెద్ద గుండ్రం గీస్తాం. ఆ రాత్రి అలా జరగడానికి ఏవేవి కారణమయ్యాయో అన్నీ రాస్తాం. ఆ మలుపులో లైటు లేకపోవడం, వర్షం, అతను వచ్చిన వేగం, హెల్మెట్, రోడ్డు పక్కన ఆపిన ట్రాక్టరు, ఇలా. ఒక్కొక్కదానికి గుండ్రంలో ఎంత వాటా వస్తుందో మీరే గీయాలి. మీ వాటా ఆఖర్న గీస్తాం. కొందరికి ఆఖర్న దాదాపు ఏమీ మిగలదు. కొందరికి కొంచెం మిగులుతుంది, ఆ కొంచెం నిజమైతే దాన్ని చెరిపేయం, దానికి ఏం చేయగలరో మాట్లాడతాం.

ఇంకా ఉన్నది మైకులో వద్దు, మీటింగ్ అయ్యాక నన్ను కలవండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా అడుగుతాను, నేరుగానే అడుగుతాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందనుకోవడం వట్టి అపోహ. ఇక్కడున్న మిగతావాళ్లూ మీ ఇంట్లో మనిషి మీద అనుమానముంటే అలాగే అడగండి. ఔనన్నారనుకోండి, ఒంటరిగా వదలకండి, ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైన్ టెలీమానస్ నంబరు 14416, డబ్బులు పడవు, అర్ధరాత్రైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.